ఎంపీ సిఫారసు, ఏఈ కొలతలు

"ఎంపీకి ఏడాదికి అయిదు కోట్లంట గదా సార్. మా వాడకు ఎంతొచ్చింది?"

శ్రీకాళహస్తి, తొట్టంబేడు, ఏర్పేడు మండలాల్లో పంచాయతీరాజ్ శాఖలో పనిచేసిన ఏ అసిస్టెంట్ ఇంజినీరును కదిలించినా ఈ ప్రశ్న విన్నాననే అంటాడు. నేను అక్కడే ఏఈగా చేసి రిటైరయ్యాను. సీసీ రోడ్లకు, మంచినీళ్ళ బోర్లకు, కమ్యూనిటీ హాళ్ళకు ఎస్టిమేట్లు వేయడం, పని జరిగాక టేపు పట్టి కొలిచి ఎం-బుక్కులో ఎక్కించడం నా ఉద్యోగం. ఎంపీ నిధుల పనులు అందులో చిన్న వాటా. అయినా జనం నన్ను ఎక్కువగా అడిగింది వాటి గురించే. ఆ అడగడంలో ఒక అనుమానం ఉండేది. డబ్బు ఎంపీ చేతికే వస్తుందనీ, ఆయన తనకు నచ్చిన ఊళ్ళకు పంచిపెడతాడనీ అనుకునేవాళ్ళు. రోడ్డు రాని వాడ ఆ కోపాన్ని ఏళ్ళ తరబడి మోస్తుంది. ఈ డబ్బు ఎలా నడుస్తుందో, అసలు పార్లమెంటు సభ్యుడు మన కాళాస్తి లాంటి చోటుకు ఏయే విధాలుగా పనికొస్తాడో నాకు తెలిసినంతలో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు డబ్బు సంగతి. పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకాన్ని 1993 డిసెంబరు 23న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు ప్రకటించారు. మొదటి ఏడు ఒక్కో ఎంపీకి 5 లక్షలు. మరుసటి ఏడు కోటి. 1998-99లో 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు. కరోనా వచ్చిన 2020 ఏప్రిల్లో పథకాన్ని ఆపేశారు, 2021 నవంబరులో మళ్ళీ మొదలుపెట్టారు. ఇందులో ఒక్క రూపాయి కూడా ఎంపీ చేతుల మీదుగా పోదు. ఆయన చేయగలిగింది సిఫారసు మాత్రమే. ఫలానా ఊళ్ళో ఫలానా పని చేయించండి అని కలెక్టరును కోరతారు. మన దగ్గర ఆ ఫైలు ముఖ్య ప్రణాళికాధికారి, అంటే సీపీఓ ఆఫీసులో నడుస్తుంది. అక్కడి నుంచి కాగితం మాలాంటి శాఖకు వస్తుంది. ఏఈ వెళ్ళి స్థలం చూసి ఎస్టిమేటు వేస్తాడు, పై ఇంజినీర్లు సాంకేతిక మంజూరు ఇస్తారు, కలెక్టరు పరిపాలనా మంజూరు ఇస్తారు. గునపం దిగేది ఆ తర్వాతే. పని కుదరదనుకుంటే 45 రోజుల్లోగా కారణం చూపిస్తూ ఎంపీకి తెలియజేయాలి.

ఎస్సీలు ఉండే ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీలు ఉండే ప్రాంతాలకు ఏడున్నర శాతం కేటాయించాలన్నది నిబంధన. సొంత ఆస్తులకు, వ్యాపార సంస్థలకు ఈ నిధి పనికిరాదు. దీంతో స్థలం కొనకూడదు. గుడి, మసీదు, చర్చి ఆవరణలో ఖర్చు పెట్టకూడదు. ఈ ఆఖరి మాట కాళాస్తి ప్రాంతంలో చెప్పడం కష్టం. ఏ ఊరికి వెళ్ళినా పెద్దలు ముందు అడిగేది గుడి ప్రహరీయే. 2010 మే 26న శ్రీకాళహస్తీశ్వరుడి రాజగోపురం కుప్పకూలింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం అది. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగేదాకా, ఎంపీ గ్రాంటులో దానికి కొంత వేయించకూడదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. నిబంధన మాత్రం ఒప్పుకోదు.

అయిదు కోట్లంటే వినడానికి పెద్ద మొత్తం. మా తిరుపతి లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు: తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి, సర్వేపల్లి. సమానంగా పంచితే ఒక్కోదానికి దాదాపు 71 లక్షలు. శ్రీకాళహస్తి నియోజకవర్గంలో నాలుగు మండలాలు, శ్రీకాళహస్తి, తొట్టంబేడు, ఏర్పేడు, రేణిగుంట. పట్టణాన్ని పక్కనపెట్టి మండలాలకే పంచినా ఏడాదికి మండలానికి 18 లక్షలు దాటదు. ఒక్కో మండలంలో పదుల కొద్దీ పంచాయతీలు, వాటికి శివారు పల్లెలు, కాలనీలు, యానాదుల గుడిసెలు. నన్ను అడిగినవాళ్ళకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించేవాణ్ణి. చూశాక వాళ్ళ కోపం కాస్త తగ్గేది. అవసరం తగ్గదు కదా.

ఆ చిన్న డబ్బు ఏం చేయగలదో ఒక పనిలో చూపిస్తాను. స్వర్ణముఖి ఒడ్డున ఒక ఎస్సీ కాలనీ ఉంది. శ్మశానం ఏటి పక్కన, కాలనీకీ దానికీ నడుమ వరి మళ్ళు. మాకు వానలు పడేది ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో. మడి తడిసి ఉన్న రోజుల్లో ఎవరైనా పోతే పాడెను గట్ల మీద మోసుకుపోవాలి. గట్టు తెగితే పొలం వాళ్ళతో గొడవ. పంచాయతీకి వచ్చే పన్నులు వీధి దీపాలకు, బ్లీచింగుకు, మోటారు రిపేర్లకు సరిపోతే గొప్ప. శ్మశానం దారి ఏ పథకంలోనూ ఎవరి వంతుకూ రాలేదు. కాలనీ పెద్దలు ఎంపీకి అర్జీ పెట్టుకున్నారు. ఆయన సిఫారసు చేశారు, కాగితం నా దగ్గరికి వచ్చింది.

స్థలం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక అవ్వ నా వెంట గట్టు పొడుగునా నడిచింది. "మా మామను మోసేటప్పుడు నా కొడుకు ఈడనే జారి పడినాడు సార్. కాలు ఇరిగింది. మోసేవాళ్ళు పాడె దించకుండా ఇంగొకణ్ణి పిలిచినారు. ఈ తడవైనా దారి ఎయ్యించండి" అంది. నాకు జవాబు దొరకలేదు. ఆ దారికి డబ్బు కంటే ముందు కావలసింది నేల. ఎంపీ నిధితో నేల కొనకూడదు. గ్రామ పటం తెప్పించి చూస్తే అక్కడ ఒక బండి దారి గీసి ఉంది, పోరంబోకు. రెండు పక్కల పొలాలు ఏడాదికి ఒక సాలు చొప్పున దాన్ని కలిపేసుకున్నాయి. మండల సర్వేయరు గొలుసు పట్టి రాళ్ళు పాతాడు. రైతులు మొదట ససేమిరా అన్నారు. వాళ్ళతో గ్రామ రెవెన్యూ అధికారి మాట్లాడారు, సర్పంచి మాట్లాడారు, చివరకు కాలనీ పెద్దమనిషి ఒకాయన, "మీ చేలో కోత కోసేది మేమే గదా, మాకు నడిచే జాగా ఇడవండి" అన్న మాటకు ఒప్పుకున్నారు. పైరు ఉన్నంతవరకు ఆగి, కోతలయ్యాక పని మొదలుపెట్టాం.

కాంక్రీటు పోయడం ఒక్క రోజు పని. అసలు పని మర్నాటి నుంచి. రోడ్డు మీద చిన్న మడులు కట్టి నీళ్ళు నిలపాలి. నీళ్ళు ఆరిపోకుండా చూసుకుంటేనే కాంక్రీటు గట్టిపడుతుంది, లేకపోతే మొదటి ట్రాక్టరుకే పైపొర లేచిపోతుంది. కాంట్రాక్టరు కూలీలు రెండో రోజే వేరే పనికి పోయారు. నేను అడగకుండానే ఆ కాలనీ ఆడవాళ్ళు బిందెలతో బోరు నీళ్ళు తెచ్చి పొద్దున, సాయంత్రం మడులు నింపారు. క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు వచ్చి కోర్ తీసి చూసి బాగుందన్నారు. ఆ కొలతలు ఎం-బుక్కులో రాసేటప్పుడు చేయి ఆపి ఒకసారి రోడ్డు వంక చూశాను. ఉద్యోగంలో అలా చూసుకున్న పనులు నాకు ఎక్కువ లేవు. దారి మొదట్లో రాయి వేయించాం. పథకం పేరు, ఖర్చు, తేదీలు, ఎంపీ పేరు రాయాలన్నది నిబంధనే.

అలాంటి పని చూశాక ఈ పథకాన్ని రద్దు చేయాలనేవాళ్ళ వాదన ఒంటబట్టడం కష్టం. కానీ ఆ వాదన బలమైనదే. వీరప్ప మొయిలీ అధ్యక్షతన పనిచేసిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం ఎంపీ, ఎమ్మెల్యే నిధులు రెండూ ఎత్తేయమని 2007లో సిఫారసు చేసింది. సభ్యుడి పని చట్టం చేయడం, బడ్జెట్‌కు ఆమోదం ఇవ్వడం, ఖర్చు పెట్టేవాళ్ళను నిలదీయడం. ఆయనే రోడ్లు, బోర్లు ఎంచుతూ కూర్చుంటే నిలదీసేదెవరు? ఇంకో మాట నాకు, పంచాయతీరాజ్ మనిషిగా, మరీ దగ్గరగా తగులుతుంది. గ్రామ పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. ఊరికి ఏ రోడ్డు ముందో ఊరే తేల్చుకోవాలన్నది దాని ఉద్దేశం. అదే ఏడాది డిసెంబరులో అదే ప్రభుత్వం ఎంపీలకు నిధి ఇచ్చింది. ఒక చేత్తో పంచాయతీకి ఇచ్చి, రెండో చేత్తో ఇంకొకరికి ఇచ్చినట్టయింది. సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మాత్రం 2010 మే 6న ఈ పథకం రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. సభ్యుడు సిఫారసు మాత్రమే చేస్తాడు, అమలు జిల్లా యంత్రాంగానిది అన్నది అందులో ముఖ్యమైన మాట.

ఈ చర్చ మన ఒక్క దేశానికే పరిమితం కాదు. పశ్చిమాఫ్రికాలో ఘనా అనే దేశం 1992లో కొత్త రాజ్యాంగం రాసుకుంది. దేశ ఆదాయంలో కనీసం 5 శాతం జిల్లా సభలకు ఇవ్వాలని అందులో 252వ అధికరణం చెబుతుంది. ఆ ఉమ్మడి నిధికి 1993లో చట్టం చేశారు. అందులో ఎంపీలకూ కొంత వాటా పెట్టారు, ఖర్చు జరిగేది జిల్లా సభ ద్వారానే. అక్కడి ఎంపీ దగ్గరికి వచ్చేవాళ్ళు అడిగేవీ బోరు, బడి గది, పిల్లల ఫీజు. నైజీరియాలోనూ నియోజకవర్గ ప్రాజెక్టుల పేరుతో ఇలాంటిదే ఉంది. తూర్పు వైపున కెన్యా 2003లో మొదలుపెట్టింది. అక్కడి సుప్రీంకోర్టు 2022లో, 2013 నాటి నియోజకవర్గ నిధి చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఒకే ప్రశ్నకు రెండు దేశాల పెద్ద కోర్టులు రెండు జవాబులు ఇచ్చాయి. నా మటుకు నాకు ఈ నిధి ఉండాలనే ఉంది, ఎవరి వంతుకూ రాని పనుల కోసం. అయితే ఎంపీని తూచవలసిన తూకం ఇది కాదన్నది నా గట్టి నమ్మకం. ఆ తూకం తెలియాలంటే ఈ నిధి లేని రోజుల్లోకి వెళ్ళాలి.

మాడభూషి అనంతశయనం అయ్యంగార్ పుట్టింది 1891 ఫిబ్రవరి 4న, తిరుచానూరులో. తిరుపతి దేవస్థానం హైస్కూల్లో చదివి, మద్రాసులో పచ్చయప్ప కాలేజీ, లా కాలేజీ పూర్తిచేశారు. కొన్నాళ్ళు లెక్కల మాస్టారు, తర్వాత చిత్తూరులో ప్లీడరు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. తెల్లవాళ్ళ ప్రభుత్వాన్ని ప్రశ్నలతో ఎంత గుక్కతిప్పుకోనివ్వలేదంటే, ఒక ఐరోపా పత్రికా రచయిత ఆయన్ను ఆ సభకు ఎండెన్ అన్నాడు. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక పేరు అది. వ్యక్తి సత్యాగ్రహంలో, క్విట్ ఇండియాలో జైలుకు వెళ్ళారు. రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. గ్రామ పంచాయతీలు ఏర్పాటు చేయాలన్న సవరణ 1948 నవంబరు 22న ఆ సభ ముందుకు వచ్చినప్పుడు లేచి సమర్థించినవాళ్ళలో ఆయన ఒకరు. ఇప్పుడది రాజ్యాంగంలో 40వ అధికరణం. నా జీతం, నా శాఖ, ఆ కాలనీ సర్పంచి కుర్చీ, వీటన్నిటి వేరు అక్కడుంది.

1950లో ప్రభుత్వ ఖర్చుల అంచనాలను పరిశీలించే అంచనాల సంఘం తొలిసారి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. మంత్రిత్వ శాఖలు అడిగే డబ్బు ఎందుకు, ఎంత, ఇంతకంటే తక్కువలో కాదా అని అడిగే సంఘం అది. ఎస్టిమేట్లతో జీవితం గడిపినవాణ్ణి కాబట్టి ఆ పని విలువ నాకు బాగా తెలుసు. 1952లో తొలి లోక్‌సభకు తిరుపతి నుంచి గెలిచి డిప్యూటీ స్పీకరయ్యారు. తొలి స్పీకర్ మావలంకర్ మరణించాక 1956 మార్చి 8న స్పీకరుగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1957లోనూ, 1962లోనూ చిత్తూరు నుంచి గెలిచారు. 1957 డిసెంబరులో ఎల్‌ఐసీ డబ్బును ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన వ్యవహారాన్ని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో బయటపెట్టినప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది మన తిరుచానూరు మనిషే. పాలక పక్షం సభ్యుడే సొంత ప్రభుత్వాన్ని నిలదీసిన సందర్భం అది. ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి మరుసటి ఫిబ్రవరిలో పదవి వదులుకోవలసి వచ్చింది.

మరి ఆయన మన ప్రాంతానికి ఏం చేశారు? రాళ్ళ మీద పేర్లు వెదికితే పెద్దగా దొరకవు. తిరుపతిలో ఒక విద్యాసంస్థ చూపించవచ్చు. సంస్కృత విద్య మీద కేంద్రం వేసిన సునీతి కుమార్ ఛటర్జీ సంఘం సిఫారసుల నుంచి కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం పుట్టింది. 1962 జనవరిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ దానికి శంకుస్థాపన చేశారు. దాని పాలక సంఘానికి అయ్యంగార్ తర్వాతి కాలంలో అధ్యక్షులుగా ఉండి నడిపించారు. 1962 నుంచి 1967 దాకా బీహారు గవర్నరుగా చేసి, ఆ పైన కూడా ఈ పని వదల్లేదు. 1978 మార్చి 19న కన్నుమూశారు. ఆ విద్యాపీఠం 1987లో డీమ్డ్ విశ్వవిద్యాలయం, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అయింది. ఒక సంఘం నివేదికను పట్టుకుని, దాన్ని సంస్థగా నిలబెట్టి, అది నడిచేదాకా వెంట ఉండటం ఆయన తరం సభ్యులు చేసిన ఊరి పని.

నిధి లేని రోజులనూ, ఉన్న రోజులనూ ఎంపీగా చూసినవారు మా తిరుపతి స్థానంలో చింతా మోహన్. వృత్తిరీత్యా డాక్టరు. 1984లో తెలుగుదేశం తరఫున లోక్‌సభకు వెళ్ళారు. తర్వాత కాంగ్రెస్ నుంచి 1989, 1991, 1998, 2004, 2009లో గెలిచారు. పి.వి. మంత్రివర్గంలో రసాయనాలు, ఎరువుల శాఖ సహాయమంత్రిగా చేశారు. ఆయన రాజకీయాల మీద కాళాస్తి టీ బంకుల దగ్గర రకరకాల అభిప్రాయాలు వినిపిస్తాయి, వాటి జోలికి నేను పోను. నాకు ముఖ్యమైనది మన్నవరం.

కాళాస్తికి దగ్గర్లోని మన్నవరంలో 2010 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ ఒక కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఎన్టీపీసీ, బీహెచ్‌ఈఎల్ అనే రెండు కేంద్ర ప్రభుత్వ సంస్థలు కలిసి పెట్టిన కంపెనీ అది. విద్యుత్ కేంద్రాలకు కావలసిన యంత్ర సామగ్రి అక్కడ తయారవుతుందన్నారు. మొత్తం 6,000 కోట్ల ప్రాజెక్టు, 750 ఎకరాలు. అది ఈ ప్రాంతానికి రావాలని అప్పటి ఎంపీ పట్టుబట్టిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఎంపీ నిధితో పోల్చి చూడండి. ఏడాదికి 5 కోట్ల చొప్పున 6,000 కోట్లు కావాలంటే 1,200 ఏళ్ళు పడుతుంది. ఢిల్లీలో ఒక మంత్రి తలుపు తట్టగల మనిషికీ, ఊళ్ళో రాయి వేయించగల మనిషికీ ఉన్న తేడా అంత.

ఆ రోజుల్లో మా పల్లెల్లో పిల్లల్ని ఐటీఐలో ఫిట్టరు, వెల్డరు ట్రేడుల్లో చేర్పించారు. మా చుట్టాలబ్బాయి ఒకడు అలాగే చేరాడు, మన్నవరంలో ఉద్యోగం వస్తుందని. బొగ్గు, బూడిద తరలించే సామగ్రి తయారీ దాకా ఏదో కొంత జరిగింది. అనుకున్న రూపం మాత్రం రాలేదు. దేశంలో కొత్త థర్మల్ కేంద్రాల ఆర్డర్లు తగ్గిపోయాయి, తర్వాత ఎన్టీపీసీయే తప్పుకోవాలనుకుంది. ఆ అబ్బాయి ఇప్పుడు శ్రీసిటీ పారిశ్రామికవాడలో చేస్తున్నాడు, బస్సులో పోయి వస్తాడు. ఇందులో తప్పు ఒక్కరి మీద వేయడానికి లేదు. కానీ ఆ ఏళ్ళలో మన్నవరం పరిస్థితి ఏమిటని సభలో ఎవరెవరు ఎన్నిసార్లు అడిగారో మనలో ఎంతమంది పట్టించుకున్నాం? మా కాలనీకి హాలు రాలేదని నా ఆఫీసుకు వచ్చి నిలదీసినవాళ్ళున్నారు. ఆరు వేల కోట్ల పని ఆగిపోతే నిలదీయడానికి ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఇదే.

పోవలసిన చోటు ఉంది. లోక్‌సభ కూర్చున్న రోజు ఉదయం మొదటి గంట ప్రశ్నలది. రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. 377వ నిబంధన కింద సభ్యుడు తన ప్రాంతపు సమస్యను చదివి రికార్డుకు ఎక్కించవచ్చు. ఒకసారి మంత్రి సభలో ఒక తేదీ చెప్పాడంటే ఆ శాఖ ఫైళ్ళు కదులుతాయి. ఇంత డబ్బు ఇచ్చాం, ఇంత ఖర్చయింది, ఇన్ని ఎకరాలు ఇంకా చేతికి రాలేదు అని కాగితం మీద వస్తే మన దగ్గర ఎవరు పని ఆపుతున్నారో తెలిసిపోతుంది.

నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గాన్నే తీసుకోండి. 309 కిలోమీటర్ల కొత్త లైను, 2011-12లో మంజూరయింది. పిడుగురాళ్ళ, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా మా ఊరికి రావాలి. రైలు కూత వినని మెట్ట ప్రాంతాలే దాదాపు అన్నీ. తుఫాను వచ్చి కోస్తా లైను తెగినప్పుడు చెన్నై వైపు పోయే బండ్లకు ఇది రెండో దారి అవుతుంది. ఖర్చులో సగం రాష్ట్రం భరించాలి, భూమి ఉచితంగా ఇవ్వాలి. గుంటూరు వైపు నుంచి మొదటి ముక్క, పిడుగురాళ్ళ-శావల్యాపురం, పూర్తయింది. ఏ లైనుకు ఏ ఏడాది ఎంత కేటాయించారో రైల్వే వాళ్ళ పింక్ బుక్కులో ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు. మా ఎంపీ చదవాలి, చదివి అడగాలి.

చట్టంలో ఒక్క పంక్తి ఏం చేస్తుందో చూడాలంటే ఏర్పేడు వెళ్ళండి. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్‌వ్యవస్థీకరణ చట్టం 13వ షెడ్యూల్లో, కొత్త రాష్ట్రంలో ఐఐటీ నెలకొల్పాలని రాశారు. 2015లో తిరుపతి ఐఐటీ తరగతులు మొదలయ్యాయి. ఏర్పేడు దగ్గర, నేను బైకు మీద బోర్లు చూడ్డానికి తిరిగిన రాళ్ళ నేలలో, ఇప్పుడు దాని సొంత ప్రాంగణం ఉంది. అదే మండలంలో ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యాసంస్థ కూడా వచ్చింది. అదే షెడ్యూల్లో దుగరాజపట్నం ఓడరేవు మాట కూడా ఉంది, 2018కల్లా మొదటి దశ అని. ఆ ఏడు గడిచిపోయింది, ఓడరేవు రాలేదు. ఒకే కాగితం మీది రెండు పంక్తుల్లో ఒకటి పండింది, ఒకటి ఎండింది. అడిగేవాళ్ళ పట్టు ఎంత అవసరమో నాకు ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకలేదు.

ఎమ్మెల్యే పని వేరని కూడా చెప్పాలి. కాళాస్తి జనం ఏ కష్టానికైనా మొదట పరిగెత్తేది ఎమ్మెల్యే ఇంటికే. ఊరందూరుకు చెందిన బొజ్జల గోపాలకృష్ణారెడ్డి ఇక్కడి నుంచి అయిదుసార్లు గెలిచి, మంత్రిగా చేసి, 2022 మే 6న కన్నుమూశారు. ఆయన గుమ్మం ముందు రేషన్ కార్డు నుంచి కాలువ నీళ్ళ దాకా అన్ని కాగితాలతో జనం నిలబడేవాళ్ళు. పింఛను, పట్టా, సాగునీరు, ఆసుపత్రి రాష్ట్రం చేతిలోవి. రైలు, జాతీయ రహదారి, కేంద్ర విద్యాసంస్థ ఎంపీ నోటితో అడగవలసినవి. ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో తెలియక ఏళ్ళు పోగొట్టుకున్న ఊళ్ళు నాకు తెలుసు.

రిటైరయ్యాక మా వీధి అరుగు మీద అర్జీలు రాసి పెడుతున్నాను. ఎంపీ నిధి అడిగేవాళ్ళను ముందు నాలుగు సంగతులు తెమ్మంటాను. స్థలం సర్వే నంబరు, అది ప్రభుత్వ భూమి అని గ్రామ రెవెన్యూ అధికారి ఇచ్చే కాగితం, పంచాయతీ తీర్మానం, పని అయ్యాక దాన్ని ఎవరు చూసుకుంటారో ఒక మాట. ఇవి జతచేస్తే ఏఈ వచ్చినప్పుడు పని ఆగదు. ఎంపీకి ఇచ్చిన అర్జీ నకలు సీపీఓ ఆఫీసులో కూడా ఇచ్చి రసీదు తీసుకోమంటాను.

ఈ మధ్య తొట్టంబేడు వైపు నుంచి కొందరు యువకులు వచ్చారు. యానాదుల కాలనీకి మంచినీళ్ళ ట్యాంకు కావాలన్నారు. సర్వే నంబరు, తీర్మానం తెచ్చుకునే వచ్చారు, అర్జీ రాసిచ్చాను. రాసేటప్పుడు మాటల్లో రైలు సంగతి వచ్చింది. వెంకటగిరి నుంచి కాళాస్తి దాకా భూసేకరణ ఎంతవరకు వచ్చిందో, ఈ ఏడు ఎంత కేటాయించారో లోక్‌సభలో అడగమని ఇంకో అర్జీ రాద్దామా అన్నాను. వాళ్ళలో డిగ్రీ చదివే పిల్ల, "అట్ల గూడా అడగొచ్చా సార్?" అంది. అడగొచ్చమ్మా అన్నాను. రెండోది ఆ పిల్లే తన చేతిరాతతో రాసింది. రెండూ కలిపి తిరుపతిలో ఎంపీ ఆఫీసుకు తీసుకుపోయి ఇచ్చారు.